అడిగేది ముందు రాయాలి

చెక్కు మీద ఉన్నది కోటి రూపాయలు. అది చెల్లలేదని పంపిన లీగల్ నోటీసులో పడింది రెండు కోట్లు. టైపింగులో దొర్లిన పొరపాటని ఫిర్యాదుదారు వాదించినా 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద ఇచ్చే నోటీసులో చెక్కు మొత్తాన్నే అడగాలనీ, అంకె మారితే నోటీసే చెల్లదనీ తేల్చింది. ఇది కొత్త సూత్రమేమీ కాదు. 2003లో ఇదే కోర్టు ముందుకు వచ్చిన మరో కేసులో, చెక్కుల మొత్తాన్ని అడగాల్సిన చోట అప్పు మొత్తాన్ని అడిగినందుకు ఫిర్యాదు వీగిపోయింది. బాకీ నిజమా కాదా అన్న దాకా పోనవసరం లేకుండానే, నోటీసులో ఏం అడిగారన్న ఒక్క సంగతి మీద ఆ రెండు కేసులూ తేలిపోయాయి. అలాంటి కాగితం రాసేవాళ్లు చదువు లేనివాళ్లు కారు. అయినా చేతికి రావలసిన డబ్బు ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయింది.

వ్యాపారంలో రాత అనగానే మనకు ముందు గుర్తొచ్చేది ఇంగ్లీషు. ఇంజినీరింగ్ కాలేజీల్లో కమ్యూనికేషన్ స్కిల్స్ పేరుతో ఒక పేపరు ఉంటుంది, కోచింగ్ సెంటర్లలో మెయిళ్ల నమూనాలు ఇస్తారు, ఉద్యోగంలో చేరాక పాత ఫైల్లో ఉన్న ఉత్తరాన్ని తీసి తేదీలు మార్చి పంపడం అలవాటవుతుంది. తెలుగులో ఆపాటి శిక్షణ కూడా లేదు. బడిలో లేఖారచన నేర్పుతారన్న మాట నిజమే. కానీ అక్కడ పిల్లలు జాగ్రత్తపడేది ఊరూ తేదీ ఏ మూల వేయాలి, సంబోధన ఏమిటి, చిరునామా గడిలో రాశామా లేదా అన్న వాటి గురించే. ఆ ఉత్తరం అందుకున్నవాళ్లు ఏం చేయాలన్న ప్రశ్న ఎవరూ వేయరు. పని జరగడం కోసం రాసే రాత భాషకంటే ముందు ఆలోచనకు సంబంధించిన విద్య అని నా నమ్మకం. ఎవరు చదువుతారు, చదివాక వాళ్లు ఏం చేయాలి, అందుకు వాళ్లకు ఏయే వివరాలు కావాలి అన్నది రాసేవాళ్లు తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడం ఎవరికైనా తాము ఆలోచించే భాషలోనే ముందు పట్టుబడుతుంది. అందుకే తెలుగువాళ్లకు దాన్ని తెలుగులో నేర్పాలి. ఇంగ్లీషు ఆ తర్వాత దానంతట అదే మెరుగవుతుంది.

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ అనుకునేవాళ్లు 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టాన్ని ఒకసారి చూడాలి. నమోదైన చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నవాళ్లు ఎన్నాళ్లలో డబ్బు కట్టాలో ఆ చట్టం చెబుతుంది. రాతపూర్వకంగా గడువు అనుకుంటే ఆ గడువులోగా, అదీ 45 రోజులు మించకుండా కట్టాలి. రాత ఏమీ లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. సరుకు బాగాలేదని కొన్నవాళ్లు అనాలంటే అది అందిన 15 రోజుల్లోగా రాసి ఇవ్వాలి, లేకపోతే సరుకును ఒప్పుకున్నట్టే లెక్క. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. చిన్నవాళ్లకు ఇంత గట్టి అండ ఉన్న చట్టం ఇంకొకటి కనబడదు. అయితే ఆ అండ పనిచేయాలంటే ఎప్పుడు ఏం అనుకున్నారో, సరుకు ఎప్పుడు చేరిందో చూపించే కాగితం ఉండాలి. బాలానగర్‌లోనో, జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక షెడ్డు నడిపే మనిషికి ఆర్డరు ఫోన్లో వస్తుంది. రేటు మాట మీద కుదురుతుంది. డబ్బు సంగతి ‘చూసుకుందాం’ దగ్గర ఆగుతుంది. ఫోన్ పెట్టేయగానే వాట్సాప్‌లో మూడు వాక్యాలు పంపితే చాలు. ఏ సరుకు, ఎన్ని, ఏ రేటుకు అన్నది మొదటి వాక్యం. ఏ తేదీకి ఎక్కడికి చేరుస్తామన్నది రెండోది. చేరిన ఎన్ని రోజుల్లో డబ్బు కడతారన్నది మూడోది. అవతలివాళ్లు ‘సరే’ అని జవాబిస్తే ఆరు నెలల తర్వాత ఎవరి జ్ఞాపకం సరైనదన్న తగాదా రాదు. ఆ మూడు వాక్యాలు రాయడానికి డిగ్రీ అక్కర్లేదు, ఇంగ్లీషు అంతకంటే అక్కర్లేదు. రాయాలన్న ఎరుక కావాలి, ఏది రాయాలో తెలియాలి.

అసలు సంగతి కాగితంలో ఎక్కడ పెట్టామన్నది ఎంత పెద్ద విషయమో చెప్పడానికి మనకు దుఃఖం మిగిల్చిన ఉదాహరణే ఒకటుంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌక కూలి కల్పనా చావ్లా సహా ఏడుగురు చనిపోయారు. నౌక పైకి లేచేటప్పుడు ఇంధన ట్యాంకు మీది నురగ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. ఆ దెబ్బ ఎంత ప్రమాదకరమో లెక్కగట్టి, నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు పై అధికారులకు స్లైడ్లు చూపించారు. వాటిలో ఒక కీలకమైన స్లైడు శీర్షిక చదివితే పరీక్షల వివరాలు ధైర్యం చెబుతున్నాయనిపిస్తుంది. తగిలిన ముక్క పరిమాణం సుమారు 1920 ఘనపుటంగుళాలు, అంతకుముందు పరీక్షించి చూసిన ముక్క 3 ఘనపుటంగుళాలు అన్న సంగతి మాత్రం అదే స్లైడు అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. అంటే పరీక్షించినదానికి 640 రెట్లు పెద్దది తగిలింది, కాబట్టి ఆ పరీక్షలను బట్టి ఏమీ చెప్పలేం. శీర్షికలో ఉండాల్సింది ఆ మాట. తర్వాత విచారణ జరిపిన బోర్డు తన నివేదికలో ఈ స్లైడును ప్రత్యేకంగా చూపించి, చదివిన పెద్ద అధికారికి ఇందులో ప్రాణాల మీదికి వచ్చే సంగతి ఉందని తట్టకపోవచ్చని రాసింది. ప్రమాదానికి కారణం ఆ స్లైడు అనడం తప్పవుతుంది, కారణాలు చాలా ఉన్నాయి. కానీ నిజం తెలిసిన మనుషులు, నిజాన్ని దాచాలని లేని మనుషులు, దాన్ని కాగితం మీద కనబడకుండా చేయగలరని ఆ స్లైడు చూపిస్తుంది. మరుసటి ఏడాది అమెజాన్ అధిపతి జెఫ్ బెజోస్ తన పై స్థాయి సమావేశాల్లో స్లైడ్లు మానిపించి, పూర్తి వాక్యాలతో నోటు రాసుకు రమ్మన్నారు. చుక్కలు పెట్టి ముక్కలు రాస్తే ఒకదానికి ఒకటి ఎలా కారణమైందో చెప్పకుండా తప్పించుకోవచ్చు. వాక్యం రాస్తే తప్పించుకోలేం.

తెలుగులో ఈ చిక్కు ఇంకొంచెం ఎక్కువ, దానికి మన వాక్య నిర్మాణమే కారణం. తెలుగులో క్రియ చివర వస్తుంది. ‘అయినందున’, ‘దృష్ట్యా’, ‘నిమిత్తం’, ‘వెళ్లి’, ‘చూసి’, ‘పరిశీలించి’ అంటూ ఒకే వాక్యాన్ని ఎంత దూరమైనా లాక్కుపోవచ్చు, చదివేవాళ్లు ఏం చేయాలో మాత్రం ఆఖరి మాట దాకా తెలియదు. కథలో అది అందం. మాట్లాడేటప్పుడు గొంతు దాన్ని నడిపిస్తుంది. పని కాగితంలో మాత్రం అది చదివేవాళ్ల నెత్తిన బరువు. మన ఆఫీసుల్లో రోజూ తిరిగే ఉత్తరం ఎలా ఉంటుందో చూడండి. ‘పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా, తమరు సరఫరా చేసిన సరుకునందు కొంత భాగము లోపభూయిష్టముగా ఉన్నట్లు మా దృష్టికి వచ్చినందున, ఈ విషయమై తగు చర్యలు తీసుకొనవలసినదిగా కోరడమైనది.’ ఇందులో వ్యాకరణ దోషం లేదు, మర్యాదకు లోటు లేదు. అందుకున్నవాళ్లు మాత్రం ఫోన్ తీసి నాలుగు ప్రశ్నలు అడగాల్సిందే. ఎంత భాగం? ఏం లోపం? ఏం చేయమంటారు? ఎప్పటిలోగా? ఆ ఉత్తరాన్నే ఇలా రాయొచ్చు. ‘జూన్ 15లోగా మాకు 18 పెట్టెలు కొత్తవి పంపండి. జూన్ 3న మీరు పంపిన 200 పెట్టెల్లో 18 తడిసి వచ్చాయి, ఫొటోలు జతచేశాం. ఆలోగా పంపడం కుదరకపోతే వాటి ధర రూ. 21,600 బిల్లులో తగ్గించండి.’ ఇది మొదటిదానికంటే పెద్ద పొడవేమీ కాదు. మొదటిదాంట్లో లేని అంకెలూ తేదీలూ దీంట్లో ఉన్నాయి, అడిగేది ముందుంది, కుదరకపోతే ఏమిటన్నదీ చెప్పింది. నిజానికి రెండోది రాయడమే కష్టం. ఎన్ని పెట్టెలు తడిశాయో లెక్కపెట్టాలి, మార్చి ఇమ్మంటామో ధర తగ్గించమంటామో నిర్ణయించుకోవాలి. మొదటి ఉత్తరం రాసినవాళ్లు ఆ రెండు పనులూ చేయలేదు, చేయలేదన్న సంగతిని ‘తగు చర్యలు’ అన్న మాట కప్పిపుచ్చింది.

ఆ ‘కోరడమైనది’, అలాంటి ఉత్తరాల్లోనే కనబడే ‘తెలియజేయబడినది’ అన్న క్రియల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఎవరు కోరారు? ఎవరు తెలియజేశారు? తెలుగులో మాట్లాడేటప్పుడు ఎవరూ వాడని ఈ ‘అడమైనది’, ‘బడు’ ప్రయోగాలు పని చేసే మనిషిని వాక్యంలోంచి తీసేస్తాయి. ‘మీ అర్జీ పరిశీలించబడును’ అన్న జవాబులో పరిశీలించే మనిషి లేడు, తేదీ లేదు. ‘మీ అర్జీని మా సెక్షన్ సూపరింటెండెంట్ ఈ నెల 20లోగా చూసి మీకు జవాబిస్తారు’ అంటే ఒకరు పూచీ తీసుకున్నట్టు. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం జీవితకాలం పోరాడి 1940లో కన్నుమూశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఆయన కోరిన భాష పత్రికల్లోకి వచ్చింది, కథలోకీ నవలలోకీ వచ్చింది, పాఠ్యపుస్తకాల్లోకీ వచ్చింది. ఆఫీసు ఉత్తరం గడప దగ్గర ఆగిపోయింది. 1966లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం చేసుకున్నా, ఫైళ్లలో ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట తెలుగు చేయడమే తెలుగులో రాయడం అనే అలవాటు పోలేదు. దుకాణాలూ, కంపెనీలూ, సంఘాలూ ఆ సర్కారీ ఉత్తరాన్నే పెద్దరికంగా భావించి అనుకరించాయి.

మన దగ్గర మంచి నమూనా లేకపోతే సరే అనుకోవచ్చు. కానీ ఉంది, అది ప్రామిసరీ నోటు. తెలుగు పల్లెల్లో తరతరాలుగా రాస్తున్న ఆ నోటును పని రాతగా ఎవరూ మెచ్చుకోరు గానీ, అందులో ఒక్క మాట వృథా ఉండదు. ఏ తేదీన, ఏ ఊరివారు, ఏ ఊరివారికి రాసిచ్చారు, ఎంత తీసుకున్నారు, నెలకు నూటికి ఎంత వడ్డీ, ఎప్పుడు ఎవరికి చెల్లిస్తారు అన్నవన్నీ పది పన్నెండు వరుసల్లో ఉంటాయి. మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రెండుసార్లు రాస్తారు, ఎందుకంటే ఒక సున్నా చేర్చడం తేలిక, ఒక మాట చేర్చడం కష్టం. రెవెన్యూ స్టాంపు మీద సంతకం పడుతుంది. మధ్యలో కొంత కడితే నోటు వెనక చెల్లు వేసి, తేదీ రాసి, కట్టినవాళ్ల చేత సంతకం చేయిస్తారు. గడువుకు మించకుండా అలా చెల్లు పడితే మూడేళ్ల కాలపరిమితి మళ్లీ మొదలవుతుందని చట్టం చదవని రైతుకూ తెలుసు. పాత చిట్టా, ఆవర్జాలు రాసిన గుమాస్తాల తీరూ ఇదే. తగాదా వస్తే ఈ కాగితం ఒంటరిగా నిలబడాలి, రాసిన మనిషి పక్కన ఉండి వివరించడు అన్న తెలివి దానికి పునాది. మంచి బిజినెస్ మెయిల్‌కు కావలసినదీ అదే. మనవాళ్లకు చేతనైన ఆ విద్యను అప్పు కాగితం దగ్గరే వదిలేసి, ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి ‘పురస్కరించుకొని’ అనడం మొదలుపెట్టాం.

అడిగేది ముందు రాయాలన్న మాటకు వచ్చే అభ్యంతరాల్లో నాకు అన్నిటికంటే బరువైనదిగా తోచేది మర్యాదకు సంబంధించింది. ఇంటికి వచ్చిన మనిషిని మంచినీళ్లు ఇచ్చి, కూర్చోబెట్టి, ఇంట్లో అందరి క్షేమం అడిగాక గానీ వచ్చిన పని అడగం. అలాంటి చోట మొదటి వాక్యంలోనే ‘డబ్బు పంపండి’ అని రాస్తే ముఖాన కొట్టినట్టు ఉండదా? ఉంటుంది, ఆ మాటలు అలాగే రాస్తే. కానీ తెలుగులో మర్యాదకు చోటు వేరే ఉంది. పేరు పక్కన ‘గారు’లో ఉంది, ‘మీరు’లో ఉంది, ‘పంపండి’కీ ‘పంపగలరు’కీ ‘పంపితే మాకు సాయమవుతుంది’కీ ఉన్న తేడాలో ఉంది. ఇంగ్లీషులో మాటలు పెంచి చూపాల్సిన గౌరవాన్ని తెలుగు క్రియ ఒక్క ప్రత్యయంతో చూపగలదు. ‘వెంకటేశ్వరరావు గారికి నమస్కారం. మే నెల బిల్లు రూ. 46,000 ఈ శుక్రవారంలోగా పంపగలరా?’ అన్నదాంట్లో ఏ పెద్దమనిషికీ అవమానం కనిపించదు. పైగా పెద్దవాళ్లకు రాసేటప్పుడే సంగతి ముందుండాలి, వాళ్లకు రోజూ వచ్చే కాగితాలు ఎక్కువ కాబట్టి. చెడ్డ కబురు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఈ సూత్రాన్ని కొంచెం సడలించాలని ఒప్పుకుంటాను. ఉద్యోగం ఇవ్వలేకపోతున్నామనో, ఒప్పందం ఆపేస్తున్నామనో చెప్పే ఉత్తరంలో ఒక వాక్యం ముందు మెత్తగా మాట్లాడటం మనిషితనం. ఒక్క వాక్యం. మూడు పేరాలు తిప్పితే చదివేవాళ్లను ఆశపెట్టి దించినట్టవుతుంది.

రెండో అభ్యంతరం, వ్యాపారమంతా ఇంగ్లీషులో నడుస్తుంటే తెలుగు ఎవరికి కావాలని. కొనేవాళ్లకు కావాలి. రిటైల్ ఖాతాదారులు వాడే ఫారాలు, రశీదులు, పాస్‌బుక్కులు ఇంగ్లీషు, హిందీలతో పాటు ప్రాంతీయ భాషలోనూ ఉండాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఎప్పటినుంచో చెబుతోంది. 2024 అక్టోబరు నుంచి రిటైల్ రుణాలకూ, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలనీ, అది రుణం తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలనీ నిబంధన వచ్చింది. ఆరోగ్య బీమాలో పాలసీ సారాంశం చెప్పే పత్రం, కోరితే స్థానిక భాషలో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024 జనవరి నుంచి అమలు చేయించింది. నిబంధనలు వచ్చాయి, రాసేవాళ్లు మాత్రం తయారు కాలేదు. ‘వార్షిక శాతపు రేటు 18’ అని తెలుగు అక్షరాల్లో అచ్చువేస్తే నిబంధన తీరుతుంది, అర్థం కావడం తీరదు. మన జనం వడ్డీని ఏడాదికి శాతంలో లెక్కపెట్టరు, నెలకు నూటికి ఎన్ని రూపాయలని అడుగుతారు. ‘ఇది సుమారుగా నెలకు నూటికి రూపాయిన్నర పడుతుంది, లక్ష అప్పుకు ఖర్చులు పోను మీ చేతికి ఇంత వస్తుంది, నెలనెలా ఇంత కట్టాలి, అప్పు తీరేసరికి మొత్తం ఇంత కడతారు’ అని రాస్తే చీటీలు వేసే గృహిణి కూడా అక్కడికక్కడే లెక్క సరిచూసుకోగలదు. దీన్ని అనువాదకులు రాయలేరు. చదివే మనిషి మనసులో మెదులుతున్నవాళ్లు రాయాలి. తన వేల కోట్ల డాలర్ల సంస్థ వార్షిక నివేదిక రాసేటప్పుడు అక్కచెల్లెళ్లతో మాట్లాడుతున్నట్టు ఊహించుకుంటానని అమెరికా మదుపరి వారెన్ బఫెట్, 1998లో అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ప్రచురించిన ఒక కరదీపికకు ముందుమాటలో చెప్పారు. వాళ్లు తెలివైనవాళ్లే, లెక్కల పద్దుల్లో నిపుణులు మాత్రం కారు. చదివేవాళ్లను అలా ఊహించుకోవడం ఏ భాషలోనైనా ఒకటే, ఒకసారి తెలుగులో పట్టుబడితే ఇంగ్లీషు మెయిల్‌లోనూ చేయి తిరుగుతుంది.

ఇక కృత్రిమ మేధ అన్నీ రాసిపెడుతున్నప్పుడు నేర్చుకోవడం దేనికన్న ప్రశ్న. వాక్యాలు నున్నగా చేయడంలో ఆ యంత్రాలు సాయపడతాయి, అక్షర దోషాలు దిద్దుతాయి, ఇంగ్లీషంటే బెరుకున్నవాళ్లకు ధైర్యం ఇస్తాయి. అది చిన్న మేలు కాదు. అయితే తడిసిన పెట్టెలు 18 అని యంత్రానికి తెలియదు. కొత్తవి కావాలా, ధర తగ్గిస్తే చాలా అన్నది అది తేల్చదు. మనం తేల్చుకోకుండా అడిగితే అది ‘తగు చర్యలు’ అన్న మాటనే ఇంకా అందంగా, మూడు పేరాల్లో రాసిస్తుంది. రాయడం చవకయ్యేకొద్దీ చదవడం బరువవుతుంది, అందుకే సంగతి ఎక్కడుందో ఒక్క చూపులో తెలిసే ఉత్తరానికి విలువ ఇంకా పెరుగుతుంది. కోటి రూపాయల చెక్కుకు రెండు కోట్ల నోటీసు పోకుండా ఆపగలిగేది కూడా చెక్కు పక్కన పెట్టుకుని అంకెను ఇంకోసారి చూసే మనిషే.

నేర్పడానికి పెద్ద ఖర్చు లేదు. పదో తరగతి తెలుగు పేపరులో లేఖ ఎలాగూ ఉంది. విహారయాత్ర గురించి స్నేహితుడికి రాసే ఉత్తరం పక్కన, కరెంటు బిల్లు తప్పుగా వచ్చిందని అసిస్టెంట్ ఇంజినీరుకు రాసే ఉత్తరం పెట్టవచ్చు. సర్వీస్ నంబరు, మీటరు రీడింగు, కట్టాల్సిన మొత్తం అన్నీ కలగాపులగంగా ఇచ్చి, అవసరమైనవి ఏరుకోమనవచ్చు. డిగ్రీలో వాణిజ్య శాస్త్రం చదివేవాళ్ల చేత కొటేషన్, సరుకు అందినట్టు రశీదు, బాకీ గుర్తుచేసే ఉత్తరం, సమావేశం మినిట్స్ తెలుగులో రాయించవచ్చు. సమాచార హక్కు అర్జీకి కేంద్ర నియమాలు మామూలుగా 500 మాటల హద్దు పెట్టాయి, ఆ హద్దులో ఒక అర్జీ రాయించడం మంచి సాధన. దిద్దే పద్ధతి మాత్రం మారాలి. ఒక విద్యార్థి రాసిన ఉత్తరాన్ని టీచరు దిద్దకుండా వెనక బెంచీలో ఉన్న ఇంకో విద్యార్థికి ఇవ్వాలి. రాసిన పిల్లవాడు పెదవి విప్పకూడదు. అందుకున్న అమ్మాయి ఆ కాగితం ఒక్కటి చూసి, ఎవరు ఏం చేయాలో, ఎంతో, ఎప్పటిలోగానో పలక మీద గడులు గీసి రాయాలి. ఏ గడి ఖాళీగా మిగిలితే ఆ సంగతి ఉత్తరంలో లేదన్నమాట, రాసిన పిల్లవాడు మళ్లీ కలం తీస్తాడు.